పెదవి పొక్కు – దాని లేపనపు చరిత్ర



రాజుల చరిత్రములు, కోటల చరిత్రములు మీరు పెక్కుమారులు వినియున్నారు. నేడు నేను చెప్పబోవునది చిటికెనవ్రేలంత గొట్టములో ఇమిడియుండు ఒక తెల్లని లేపనము చరిత్ర. జ్వరము వచ్చి తగ్గినపుడో, ఎండలో తిరిగి వచ్చినపుడో పెదవి అంచున గుత్తులుగా లేచు నీటిపొక్కులకు దానిని పూయుదురు. ఇంత చిన్న వ్యాధికి చరిత్ర యెందుకని మీరడుగవచ్చును. ఆ చిన్న వ్యాధియే మా యింట ఒకరి కంటిని తీసికొనినది. ఆ లేపనము పనిచేయు తీరులో మన భీమవరమున పుట్టిన ఒక మహనీయుడు కనుగొనిన పదార్థమున్నది. ఈ రెండు సంగతులును మీకు విన్నవింపవలెనని వచ్చితిని.

మాది పాలకాయతిప్ప. కృష్ణవేణి సముద్రములో కలియుచోట, హంసలదీవి వేణుగోపాలస్వామి కోవెలకు ఆవల, ఇసుక తిప్పలమీద వెలసిన పల్లె. మా బాబాయి వేటకు పోవు నావకు చుక్కాని పట్టువాడు. నది మొగలో ఇసుక మేటలు ఏటేట చోటు మార్చుకొనుచుండును. నీటి రంగు చూచి, అల విరిగెడు తీరు చూచి, మేటకును మేటకును నడుమ నావను దాటింపవలెను. ఆ చూపు మా పల్లెలో మా బాబాయికి ఉన్నట్లు మరియొకరికి ఉండెడిది కాదు.

ఆయనకు ఏటా మూడు నాలుగు మారులు పెదవి పేలెడిది. వైశాఖపు టెండలో వరుసగా మూడు దినములు వేటాడి వచ్చిన తరువాత అది తప్పకుండ వచ్చెడిది. క్రింది పెదవికి కుడివైపున, ఎల్లప్పుడును ఆ చోటనే, మొదట చురచురలాడును. మరునాటికి చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచును. అవి చిట్లి పుండై, పుండు చెక్కుగట్టి, వారము పది దినములలో మచ్చయైనను మిగులకుండ మానిపోవును. మా నాయనమ్మ దానిని చూచి, “రాత్రి నిద్దట్లో సాలీడు పాకిందిరా” అనెడిది. పొరుగువారు “వేడి చేసింది, మజ్జిగ పొయ్యండి” అనెడివారు. వెన్నపూస రాయుటయే మా యింటి చికిత్స. ఎవరును దానిని వ్యాధిగా లెక్కింపలేదు.

1976వ సంవత్సరపు వేసవిలో ఆ పొక్కులు లేచియుండగా ఆయన కుడికన్ను ఎరుపెక్కెను. నీరు కారుటయు, వెలుగు చూడలేకుండుటయు మొదలాయెను. పుండును తుడుచుకొన్న తువాలుతోనే కన్ను తుడుచుకొనుట ఆయన కలవాటు. నాకప్పుడు పదమూడేండ్లు. నన్ను పంపి, దుకాణములో కంటి మందు తెమ్మనిరి. అచ్చటివారు రోగిని చూడకయే ఒక గొట్టమిచ్చిరి. దానిని పెట్టగా రెండు దినములలో ఎరుపు మాయమయ్యెను. ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. పదియవ దినమునకు నల్లగ్రుడ్డుపై తెల్లని మబ్బు కమ్మెను. ఆ మబ్బు మరల విడలేదు. ఒంటి కంటితో దూరము సరిగా తెలియదు గనుక, ఆ యేడే ఆయన చుక్కాని తన కుమారున కప్పగించెను. ఆ మందులో స్టెరాయిడు ఉండెనని, వైరసు పట్టిన కంటికి అది ప్రాణాంతకమైన శత్రువని నేను వైద్యవిద్య చదివిన నాడు గాని తెలిసికొనలేదు. ఆ గొట్టమును తెచ్చిన చేతులు నావే. నలువదియేండ్లకు సమీపముగా వైద్యము చేసినను ఆ సంగతి నేను మరువలేదు. ఈ వ్యాధి చరిత్రను నేను వెదకి చదువుటకు కారణమదియే.

ఇక చరిత్రలోనికి వత్తము.

చర్మముపై ప్రాకెడు పొక్కులకు మన పూర్వులు పెట్టిన పేర్లు చూడుడు. సంస్కృతమున విసర్పము. చరకసంహిత చికిత్సాస్థానమున దానికొక అధ్యాయమే కలదు. లోకవాడుకలో సర్పి. గ్రీకు వైద్యులు హెర్పిస్ అనిరి. గ్రీకున ఆ మాటకు ప్రాకునది అని యర్థము. మన సర్పశబ్దమును, ఆ గ్రీకు శబ్దమును ఒకే మూలము నుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ కాలపు పేర్లలో నేటి వ్యాధులు పెక్కు కలగలిసియుండెను. మనము అక్కి యనునది వేరు, ఈ పెదవి పొక్కు వేరు. అక్కి వచ్చినవారికి జేగురు పూయించుట మన పల్లెల ఆచారము. ఆ అక్కి చిన్ననాటి ఆటలమ్మ వైరసు పెద్దతనమున తిరిగి లేచుటవలన కలుగునది. పెదవి పొక్కుది మరియొక వైరసు. రెండును ఒకే కుటుంబములోనివి.

పెదవి పొక్కు ఒకరినుండి యొకరికి అంటునదని నిరూపించినది కుందేటి కన్ను. 1919లో లోవెన్‌స్టైన్ అను నేత్రవైద్యుడు పెదవి పొక్కులోని నీటిని తీసి కుందేలు కంటి నల్లగ్రుడ్డున నంటించెను. ఆ కన్ను పుండైనది. వేడి చేయుటవలన పుట్టినదైనచో ఒక ప్రాణి పెదవినుండి మరియొక ప్రాణి కంటికి ఎట్లు పోవును? ఆ ప్రయోగమును గూర్చి నేను మొదటిసారి చదివినపుడు మా బాబాయి తువాలు జ్ఞప్తికి వచ్చెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. అంటువ్యాధి యొకసారి వచ్చి పోవలెను గదా, ఇది అదే చోట మరల మరల ఏల వచ్చును? 1939లో ఆస్ట్రేలియా దేశమున బర్నెట్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరుడును దీని కుత్తరము చెప్పిరి. ఈ వైరసు పసితనముననే, పెద్దల నోటి తడి ద్వారా, ఒంటిలో ప్రవేశించును. పెక్కుమందికి అప్పుడేమియు తెలియదు. పిమ్మట అది వెడలిపోదు. ఒంటిలోనే దాగియుండి, జ్వరమో, ఎండయో, అలసటయో, మనోవ్యథయో కలిగినపుడు తిరిగి పైకి వచ్చును. ఎచ్చట దాగియుండునన్నది 1970 తరువాత గాని స్థిరపడలేదు. ముఖమునకు స్పర్శనిచ్చు నరము మొదట, చెవికి లోవైపున, పుఱ్ఱె యడుగున, ఒక ముడి కలదు. 1972 ప్రాంతమున మరణించినవారి దేహములలోని ఆ ముడులను పరీక్షించి, వైరసు అందున్నదని కనుగొనిరి. అచ్చటినుండి అది నరము వెంట దిగివచ్చును. కనుకనే పొక్కు లేచుటకు ముందు చురచుర. కనుకనే ఎప్పుడును అదే చోటు. కంటికిని ఆ నరపు శాఖయే పోవును గనుక, తువాలుతో తుడుచుకొనకున్నను, వైరసు లోపలి దారినే కంటికి చేరవచ్చును.

ఇది ఏదో కొందరికి కలుగు దోషమని తలపవలదు. ప్రపంచారోగ్యసంస్థ వారి 2020 నాటి అంచనా ప్రకారము యాబదియేండ్లలోపు వారిలో నూటికి 64 మందికి, అనగా సుమారు 380 కోట్లమందికి, ఈ వైరసు ఒంటిలోనున్నది. అందులో కొందరికే పొక్కులు లేచును.

మందు మాట చెప్పెదను. 1959లో అమెరికాలో ప్రూసాఫ్ అను శాస్త్రజ్ఞుడు ఐడాక్సురిడిన్ అను పదార్థమును తయారుచేసెను. 1962లో కాఫ్మన్ అను నేత్రవైద్యుడు దానిని కంటి చుక్కలుగా వాడి, ఈ వైరసు వలన కలిగిన కంటిపుండ్లను మాన్పెను. వైరసుపై పనిచేయు మందులలో అదియే మొదటిది. మా బాబాయి కన్ను పోవునాటికి ఆ మందు పుట్టి పదునాలుగేండ్లు గడచెను. పాలకాయతిప్పకు అది చేరలేదు. దానిని గూర్చిన ఎరుకయు చేరలేదు. ఆ మందునకు ఒక లోపము కూడ కలదు. అది వైరసునకు, మన కణమునకు భేదమెరుగక రెంటిని బాధించును. కావున కంటిపై చుక్కగా వాడవచ్చును గాని లోనికీయరాదు.

వైరసునే పట్టి, మన కణమును విడిచిపెట్టు మందు కావలసియుండెను. ఆ మందు కథలోనికి మన తెలుగువాడు వచ్చుచున్నాడు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1923లో అమెరికాలోని బోస్టను నగరము చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధకులైరి. అచ్చట ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, రక్తములోను మూత్రములోను భాస్వరమెంత యున్నదో కొలుచు పద్ధతిని కనిపెట్టిరి. ద్రవములోని భాస్వరము కొలది నీలిరంగు చిక్కనగుట ఆ పద్ధతిలోని కీలకము. 1925లో ప్రకటింపబడిన ఆ పద్ధతి ఇరువురి పేరులతో నేటికిని ప్రయోగశాలలలో ప్రసిద్ధము. దాని సహాయముననే 1929లో వారు ఏటీపీ అను పదార్థమును కండరములో కనుగొనిరి. ఆ సంవత్సరముననే జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని వేరుగా కనుగొనెను. మూడు భాస్వరపు ముక్కలు, అనగా ఫాస్ఫేటులు, తోకవలె కట్టియున్న పదార్థమది. ఆ తోకలోని ముక్క తెగినపుడు వెలువడు శక్తితోనే మన గుండె కొట్టుకొనును, మన చేయి తెడ్డు వేయును.

తరువాతి కాలమున సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనాలయమున చేరి ఎన్ని మందులకు కారకులైరో మీలో పలువురెరుగుదురు. బోదకాలు రాకుండుటకు మన పల్లెలలో పంచిన డైఇథైల్ కార్బమజైను మాత్ర 1947లో ఆయన బృందము వెలువరించినదే. ఆయన 1948 ఆగస్టులో న్యూయార్కు నగరమున పరమపదించిరి.

ఏటీపీ బయటపడిన ఆ దినములలో హార్వర్డునందు ఫిస్కె యొద్దనే హిచ్చింగ్స్ అను యువకుడు విద్యార్థిగా నుండెను. ఏటీపీకి తలవంటి భాగము ప్యూరిను జాతికి చెందినది. ఆ ప్యూరినులను కొలుచు పద్ధతులే హిచ్చింగ్స్ పరిశోధనకు విషయము. 1933లో ఆయన డాక్టరేటు పొందెను. జీవకణము తన వంశాక్షరములను, అనగా డీఎన్ఏను, ఈ జాతి పదార్థములతోనే కట్టుకొనును గనుక, వాటిని పోలిన దొంగ పదార్థములను చేసియిచ్చినచో శత్రుకణముల పెరుగుదలను ఆపవచ్చునని ఆయన ఆలోచించెను. 1944లో ఆయన యొద్ద ఉద్యోగమున చేరినది గెర్ట్రూడ్ ఎలియన్ అను స్త్రీ. పదునైదేండ్ల వయసున తాతగారు కడుపులోని రాచపుండుతో మరణించుట చూచి, రోగములకు మందు కనుగొందునని పూనుకొన్న పట్టుదల ఆమెది. డాక్టరేటు పట్టము ఆమెకు లేదు. ఆమె నాయకత్వమున, షాఫర్ మొదలగు సహచరుల కృషితో, 1970 తరువాతి యేండ్లలో ఎసైక్లోవిర్ అను మందు వెలసెను. 1977లో అది పనిచేయు విధమును ఆమె బృందము ప్రకటించెను. 1982లో అమెరికాలో దాని లేపనమునకు అనుమతి లభించెను. జోవిరాక్స్ అను పేరుతో అది లోకమంతట వ్యాపించెను. 1988లో హిచ్చింగ్స్, ఎలియన్, జేమ్స్ బ్లాక్ అను ముగ్గురకు నోబెలు బహుమానము వచ్చెను.

ఆ మందు చేయు పనిని వల అల్లువారు సులభముగా గ్రహింపగలరు. వల యల్లునపుడు ఒక ముడి వేసి, మిగిలిన కొసతో తరువాతి ముడి వేయుదుము. వైరసు తన డీఎన్ఏను అట్లే అల్లుకొనును. ఎసైక్లోవిరు కొస లేని నూలు. వలలో అది పడినచో తరువాతి ముడి పడదు, అల్లిక ఆగిపోవును. అయితే ఆ నూలు అల్లికకు పనికివచ్చుటకు ముందు దానికి మూడు ఫాస్ఫేటులు తగిలింపబడవలెను. అందు మొదటి ఫాస్ఫేటును తగిలింపగల ఎంజైము వైరసు దూరిన కణములోనే, వైరసు చేసినదే, యున్నది. మన ఆరోగ్యకణములో ఆ పని దాదాపు జరుగదు. కనుక శత్రువు తన చేతితోనే తనకు విషము కలుపుకొనుచున్నాడు. మిగిలిన రెండు ఫాస్ఫేటులను మన కణము తగిలించును. ఆ ఫాస్ఫేటులెచ్చటివి? ఏటీపీ తోకనుండి తెగి వచ్చినవే. సుబ్బారావుగారు నీలిరంగులో కొలిచిన ఆ భాస్వరమే, అర్ధశతాబ్ది గడచిన తరువాత, ఒక పల్లెవాని పెదవిమీది మందులో పనిచేయుచున్నది. ఆయన తలచినది పెదవి పొక్కును కాదు. జ్ఞానమునకు తాను పోవు దారి ముందుగా తెలియదు.

ఇంత ఘనమైన మందు గదా, పొక్కును ఒక్క పూటలో మాన్పవలెనని మీరనుకొందురు. అట్లు జరుగదు. 2002లో ప్రకటింపబడిన పెద్ద పరీక్షలలో, లేపనము పూసినవారికి పుండు సుమారు అర దినము ముందుగా మానెను, అంతియే. కారణము మీరిప్పటికి గ్రహించియుందురు. పొక్కు కంటికి కనబడు వేళకు వైరసు అల్లిక చాలవరకు ముగిసియుండును. నరపు ముడిలో దాగిన వైరసును పైపూత అందుకొనజాలదు. కనుక వ్యాధి మరల రాకుండ చేయు శక్తి లేపనమునకు లేదు. ఉన్న ప్రయోజనమును పొందవలెనన్న వేళ ముఖ్యము. చురచుర మొదలైన గడియలోనే పూయవలెను. నూటికి అయిదు పాళ్ల ఎసైక్లోవిర్ లేపనమును దినమునకు అయిదుమారులు, సుమారు నాలుగేసి గంటలకొకసారి, నాలుగైదు దినములు పలుచగా పూయుట పద్ధతి. పూయుటకు ముందును తరువాతను చేతులు కడుగుకొనవలెను. నోటి లోపలను, కంటిలోను ఈ చర్మపు లేపనమును పెట్టరాదు. ఒకరి గొట్టము, ఒకరి తువాలు, ఒకరి చుట్ట మరియొకరు వాడరాదు. ఎండవలన వచ్చువారు తలపాగ కొసను పెదవిపైకి దింపి కట్టుకొనుట మందుకన్న మేలు. మాటిమాటికి వచ్చుచు బాధించువారికి వైద్యుడు మాత్రలీయగలడు. నోటి మూలలు చీలుటయు, నాలుకపై నోటిపూతయు వేరు వ్యాధులు. వాటికి ఈ మందు పనిచేయదు. రెండు వారములైనను మానని పెదవిపుండును, పొగాకు నమలువారు ముఖ్యముగా, వైద్యునకు చూపి తీరవలెను.

ఇక మూడు మాటలు మీరు మనసున నుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను.

మొదటిది: పొక్కు ఉన్నపుడు గాని, మానిన వెంటనే గాని కన్ను ఎరుపెక్కి, నీరు కారి, వెలుగు చూడలేకున్నచో, ఆనాడే కంటి వైద్యుని చేరవలెను. ఈ వైరసుకు కంటిలో వేయు మందు నేడు కలదు.

రెండవది: స్టెరాయిడు కలిసిన లేపనమును వైద్యుడు చెప్పక ముఖమునకు గాని కంటికి గాని రాయవలదు. ఎరుపు తగ్గుట వ్యాధి తగ్గుట కాదు. పైకి మంట ఆరినట్లుండి లోపల ఇల్లు కాలును.

మూడవది పెద్దలకే ముఖ్యము. మనుమడో మనుమరాలో పుట్టినదని వినగానే ఎత్తుకొని ముద్దాడుట మనకు పరమానందము. పెదవిపై పొక్కున్ననాడు ఆ ముద్దును ఆపుకొనుడు. పురిటి దినములలోని పసికందునకు ఈ వైరసును ఎదిరించు బలములేదు. మనకు వారము దినముల చిరాకైనది ఆ శిశువునకు మెదడు వరకును పోయి ప్రాణముమీదికి రావచ్చును. పసిబిడ్డ పాలు త్రాగక మగతగా నుండుటయో, ఒంటిపై నీటిపొక్కులు లేచుటయో చూచినచో క్షణమైనను ఆగక ఆసుపత్రికి కొనిపోవలెను. ఈ ఎసైక్లోవిరే రక్తనాళము ద్వారా ఎక్కించి ఎందరో శిశువులను బ్రతికించుచున్నారు. గొట్టములో అర దినము గెలుచు మందు, అచ్చట ప్రాణమును గెలుచుచున్నది.

మా బాబాయి 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను కూడ తప్పించుకొని బ్రతికెను. నేను వైద్యము చదువుచున్న దినములలో సెలవులకు పోయి, ఈ క్రొత్త మందు సంగతి ఆయనకు చెప్పితిని. నది మొగవైపు తిరిగి కూర్చుండి అంతయు వినెను. పిమ్మట, “మందు పుట్టిందన్నావు, బాగానే ఉంది. ఎప్పుడు రాయాలో, ఎక్కడ రాయకూడదో ఆ మాట కూడా మన తిప్పకు చేర్చు అబ్బాయీ. నా కంటికి మందు లేక కాదు, మాట లేక పోయింది” అనెను.

ఆ మాటను మీకు చేర్చితిని. మీరు మీ యింటివారికి చేర్చుడు.